దిమ్మిస పాట, నేను చెరిపేసిన పాఠం

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు, మార్చి మొదటి వారంలో, మా స్టూడియోకి వచ్చిన ఒక జాబ్ షీట్ మీద "అమెరికన్ కంపోజర్, నాలుగు సిట్టింగులు, జానపదం" అని రాసి ఉంది. చిక్కడపల్లిలో ఒక సందులో ఉండేది మా రికార్డింగ్ స్టూడియో. అందులో నేను చీఫ్ రికార్డిస్టుని. పేరుకే చీఫ్, చేతికింద ఉన్నది ఒక్క అసిస్టెంటు. జాబ్ షీట్ అంటే ఎవరు వస్తున్నారు, ఎన్ని మైకులు పెట్టాలి, చివరికి వాళ్ల చేతికి ఏం ఇవ్వాలి అన్నది రాసే కాగితం. ఆ చివరి గడిలో "మొత్తం రికార్డింగు" అని ఉంది. నేను చదివాను. చదివి కూడా పట్టించుకోలేదు.

వచ్చిన ఆవిడ పేరు నోరా. అరవై దాటిన మనిషి. తమ దేశంలో ఒక చిన్న ఊరి కాలేజీలో సంగీత రచన నేర్పేవారు. వాళ్ల నాన్న కలప మిల్లులో పనిచేసేవాడట. పక్కింటి ముసలావిడ వంటగదిలో బల్ల మీద చెంచాతో కొట్టి తాళం చూపిస్తూ సంగీతంలో ఓనమాలు దిద్దించిందట. పెద్దయ్యాక నోరా గారు ఆర్కెస్ట్రాలకు రాసి పేరు తెచ్చుకున్నారు. నలభై దాటాక ఒకరోజు కూర్చుని గుర్తు చేసుకుంటే, ముసలావిడ నేర్పిన బాణీలన్నీ గుర్తున్నాయి గానీ, తప్పు పాడినప్పుడు ఆవిడ ఏమని దిద్దేదో ఒక్క మాటా జ్ఞాపకం రాలేదట. అది ఆవిడను బాగా కుదిపింది. అప్పటి నుంచి ఏ దేశం వెళ్లినా ఒకరి దగ్గర ఒక పాట నేర్చుకోవడం, ఆ నేర్పడాన్ని రికార్డు చేయించడం, గురువు దిద్దిన మాటల్లో గొంతు ఎత్తుపల్లాల నుంచి తన విద్యార్థుల బృందానికి ఒక రచన చేయడం, ఇదే ఆవిడ పని. "పాట ఎక్కడైనా దొరుకుతుంది, నేర్పుతున్నప్పటి మాటలే దొరకవు" అని మొదటి రోజే నాతో అన్నారు. నేను తల ఊపాను. కస్టమర్లకు తల ఊపడం నాకు ముప్పయ్యేళ్ల అలవాటు.

ఈసారి గురువు బాలమ్మ. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చి, అశోక్‌నగర్‌లో లేస్తున్న ఒక అపార్ట్‌మెంట్‌లో కూలిపని చేసేది. దోమలగూడ గెస్ట్‌హౌస్ నుంచి పొద్దున నడకకు వచ్చిన నోరా గారు ఆమె కూనిరాగం విని ఆగిపోయారట. అది దిమ్మిస పాట. దిమ్మిస అంటే నేల గట్టిపడేలా ఎత్తి కొట్టే బరువైన పనిముట్టు. ఇప్పుడా పని మిషన్లు చేస్తున్నాయి, పాట మాత్రం బాలమ్మ నోట మిగిలింది. మేస్త్రీని బతిమాలి నాలుగు మధ్యాహ్నాలు ఆమెను స్టూడియోకి రప్పించాం. ఒకరి మాట ఒకరికి చెప్పే పని నాది.

పాటలో ఒక చోట నోరా గారికి ఊపిరి అందేది కాదు. ఎన్నిసార్లు తప్పినా బాలమ్మ విసుక్కోలేదు.

"అట్ల కాదక్కా. దిమ్మిస లేస్తుంటే ఊపిరి తియ్యొద్దు, కిందవడ్డంక తియ్యాలె" అనేది. మళ్లీ తప్పితే నవ్వి, "గొంతు గాదు, జర భుజాలు వదులు జెయ్యి" అనేది.

ఇంకా చాలా అనేది. నేను మాత్రం ఇంగ్లీషులో "ఊపిరి తర్వాత తీసుకోమంటోంది" అని తేల్చేసేవాణ్ణి. "అంతేనా? ఆమె చాలాసేపు మాట్లాడిందే!" అని నోరా గారు అడిగితే "అంతే" అనేవాణ్ణి. నాలుగో రోజు సాయంత్రానికి పాట మొదటి నుంచి చివరిదాకా తప్పు లేకుండా వచ్చింది. బాలమ్మ సంతోషం పట్టలేక నోరా గారి వీపు మీద ఒక్కటి చరిచింది.

ఆ తర్వాతది ఎడిటింగ్. మా పద్ధతిలో ముందు దగ్గులు, కుర్చీ కిర్రుమనడం, వీధిలో ఆటోల హారన్లు తీసేస్తాం. తర్వాత మంచి టేకులు ఉంచి తక్కినవి కత్తిరిస్తాం. టేకు అంటే ఒకసారి పాడిన పాట. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మాది కోస్తా నుంచి వచ్చి నారాయణగూడలో స్థిరపడ్డ కుటుంబం. నాన్నగారు రేడియో వార్తలు పెట్టి మా ఉచ్చారణ దిద్దేవారు. మాట అంటే అలాగే ఉండాలన్న పట్టింపు నాకూ ఒంటబట్టింది. బాలమ్మ మాటలు నాకు పాటకు అంటిన మట్టిలా తోచాయి. రెండు రోజులు కూర్చుని ఒక్కో మాటా కడిగేశాను. ఆరు గంటల రికార్డింగు నలభై నిమిషాల పాటగా తేలింది. అంత శుభ్రమైన పని అంతకుముందు చేయలేదని మురిసిపోయాను కూడా.

నోరా గారు నన్ను నమ్మి, వినకుండానే డెలివరీ కాగితం మీద సంతకం పెట్టి హార్డ్ డిస్కు పట్టుకెళ్లారు. సంతకం అయిన సాయంత్రమే ముడి ఫైళ్లు, అంటే కత్తిరించని అసలు రికార్డింగు, చెరిపేయాలి, కంప్యూటర్‌లో చోటు చాలదు. ఆ నిబంధన పెట్టింది నేనే, కాబట్టి నేనే చెరిపాను.

మర్నాడు పొద్దున్నే ఆవిడ నడుచుకుంటూ వచ్చారు. అరవలేదు. "మాటలెక్కడ?" అని అడిగారు. పనికిరావని తీసేశానని చెప్పాను. ముడి రికార్డింగు అడిగారు. అదీ లేదని చెప్పాను.

రెండు రోజుల్లో ఆవిడ విమానం. ఆ మధ్యాహ్నమే బాలమ్మను మళ్లీ పిలిపించాను. మైకులు అవే, గది అదే. నోరా గారు పాట మొదలుపెట్టారు. ఊపిరి ఎక్కడ తీయాలో అక్కడే తీశారు. బాలమ్మ వింటూ కూర్చుంది. మళ్లీ నేర్పమ్మా అన్నాను. నోరా గారు కావాలని ఒక తప్పు పాడారు. బాలమ్మ పకపకా నవ్వింది.

"దొంగ తప్పులు జెయ్యకక్కా, నీకొచ్చింది గదా!" అంది. తర్వాత నావైపు తిరిగి, "వచ్చిన పాటను మల్ల ఎట్ల నేర్పాలె సారూ? అప్పుడు జెప్పినయన్నీ ఏంజేసినవ్?" అంది.

తీసేశానన్నాను.

"ఎందుకు? మంచిగ లెవ్వా?"

ఆ ప్రశ్నను నేను నోరా గారికి ఇంగ్లీషులో చెప్పలేదు. ఆవిడకు అర్థమైందనే అనుకుంటాను.

వెళ్లే ముందు నోరా గారు నా ముందు ఒక తెల్లకాగితం పెట్టారు. "ఆమె మాటలన్నీ అర్థం తెలిసి విన్నది మీరు ఒక్కరే. గుర్తున్నవి రాయండి" అన్నారు. గంటసేపు కూర్చున్నాను. ఊపిరి గురించి, భుజాల గురించి పైన రాసిన ఆ రెండు మాటలే వచ్చాయి. మూడోది చేతుల గురించి ఏదో రాశాను గానీ, అది బాలమ్మ అన్నదో నేను కల్పించిందో ఇప్పటికీ చెప్పలేను. ఆరు గంటలు ఆమె ఎదురుగా కూర్చున్నవాణ్ణి. నోరా గారు ఆ కాగితం మడిచి సంచీలో పెట్టుకున్నారు.

రెండేళ్ల తర్వాత ఈమెయిల్ రాశారు. దిమ్మిస పాట మీద అనుకున్న రచన వదిలేశారట. నేను రాసిచ్చిన కాగితం మాత్రం ఏటా కొత్త విద్యార్థులకు మొదటి తరగతిలో చూపిస్తున్నారట. ఎందుకు చూపిస్తున్నారో రాయలేదు.

రికార్డింగు జరిగిన వేసవిలోనే స్టూడియో నిబంధన మార్చాను. ముడి ఫైళ్లు ఏడాదిపాటు చెరపకూడదు, కస్టమర్ విని ఒప్పుకుంటే తప్ప ఒక్క మాట కూడా కత్తిరించకూడదు. ఆ సంగతి బాలమ్మకు చెప్పడానికని అశోక్‌నగర్ వెళితే అపార్ట్‌మెంట్‌కి రంగులు వేస్తున్నారు. బాలమ్మ వాళ్ల ముఠా వేరే పనికి వెళ్లిపోయిందని వాచ్‌మన్ చెప్పాడు. ఎక్కడికో అతనికి తెలియదు. ఆమె అడిగినదానికి నేను చెప్పాల్సిన జవాబు, "మంచిగనే ఉన్నాయమ్మా, నాకే వినడం రాలేదు" అని. అది చెప్పకుండానే రిటైరయ్యాను.