ఆయమ్మ ఎవరు?

మా టైపు సారు పోయారని ఒక సోమవారం పొద్దున కబురు వచ్చింది. ఒకామె మెయిల్లో అడిగిన నెమలికంఠం రంగు చీరను అప్పుడు నేను వాకిట్లో దండెం మీద వేసి ఫోటో తీస్తున్నాను. ప్రతి చీరకూ ఎండలో ఒక ఫోటో, నీడలో ఒక ఫోటో తీయాలన్నది ఆయన పెట్టిన నియమమే. నీడలో తీయాల్సింది తీయకుండానే పరుగెత్తాను.

ధర్మవరంలో మా వీధి ఆడపిల్లలందరం ఆయన దగ్గరే టైపు నేర్చుకున్నాం. టైపు మిషన్లకు కాలం చెల్లాక ఒక కంప్యూటరు కొని, దాని ముందు పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా ఒద్దికగా కూర్చునేవారు. ఏది చూసినా ఆయనకు ఒక ప్రశ్న పుట్టేది. ఎక్కడెక్కడ వానలు పడుతున్నాయో ఇంటర్నెట్‌లో చూసి, "ఆడ పడేది ఈడ పడితే దాని సొమ్మేం పోయింది?" అని నన్ను నిలదీసేవారు.

అప్పట్లో మర మగ్గాల చీరలు వచ్చిపడి, మా నాయన నేసినవాటిని సావుకారు తీసుకోవడం తగ్గించాడు. ఉన్న రెండు మగ్గాలూ అమ్మేద్దామన్న మాట ఇంట్లో పుట్టింది. నేనేమో ఇంటర్నెట్‌లో నేరుగా అమ్ముదామని పట్టుబట్టాను. అందుకు బ్యాంకు లోను కావాలి, లోనుకు ప్రాజెక్టు రిపోర్టు కావాలి. సారు దగ్గర కూర్చుంటే గంటలో అయిపోతుందనుకున్నాను.

'కొనేవారు ఎవరు' అన్న చోట "మహిళలు" అని చెప్పాను. ఆయన వేళ్ళు ఆగిపోయాయి.

"యా మహిళ పాపా? యాడుంటాది? ఆయమ్మకు మన చీర ఎందుకు?"

"నాకేం తెలుసు సార్?"

"తెలీకుండా ఎట్ల అమ్ముతావు?"

ఇక ఇద్దరం ఆయమ్మ వెంట పడ్డాం. ఉద్యోగం చేస్తుందని నేనంటే, అయితే అంగళ్ళు తిరిగే తీరిక ఉండదని ఆయన అందుకున్నారు. మర్నాడు టీ గ్లాసుతో ఎదురొచ్చారు.

"పాపా, పార్సిలు ఇప్పినాక ఆయమ్మ చీరను కిటికీ కాడికి తీసకపోయి చూస్తాది. ఫోటోలో నీలం, కిటికీ కాడ పచ్చ. మోసం చేసినారనుకోదా?"

నిలువు దారం పడుగు ఒక రంగు, అడ్డదారం పేక ఇంకో రంగు వేసి, వెలుగును బట్టి రంగు మారేలా నేయడం మాకు గొప్ప. కొనే మనిషికి అది అనుమానం కావచ్చని నాకెప్పుడూ తట్టలేదు. రెండు ఫోటోల నియమం అలా రిపోర్టులోకి ఎక్కింది. నచ్చకపోతే చీర వెనక్కి తీసుకోవాలన్నది కూడా ఆయమ్మ తరఫున ఆయనే వాదించి పెట్టించారు. నేను ఒప్పుకోనంటే, "నీకేం, కొనేది ఆయమ్మ కదా" అన్నారు.

ఒకరోజు సారు వాళ్ళావిడ నన్ను పక్కకు పిలిచింది.

"ఎవురు పాపా ఆ ఆయమ్మ? అన్నం ముందర పెట్టుకొని, ఆయమ్మ ఏమనుకుంటాదో అంటాండాడు మీ సారు!"

నవ్వు ఆపుకుంటూ సంగతంతా చెప్పాను. ఆమె నవ్వలేదు.

"లేని మనిషి కోసరం ఇంత ఆలోచన చేస్తాండాడే, ఉండే మనిషి చీర ఎప్పుడన్నా చూసినాడా?"

ఆ మాట సారుకు మోశాను. "మా ఇంట్లో ఆమెకు యా రంగు ఇష్టమో నాకు తెలీదు పాపా" అన్నారు, అదీ ఒక కొత్త సంగతి కనిపెట్టినట్టు. ఆ సాయంత్రం తొందరగా ఇంటికి వెళ్ళిపోయారు.

బ్యాంకులో మేనేజరు రిపోర్టు తిరగేసి, "ఎవరూ కొనకపోతే ఏం చేస్తారు?" అన్నాడు.

"ఏం నచ్చలేదో ఆయమ్మను అడగతాం సార్" అన్నారు మా సారు, ఏమాత్రం తడుముకోకుండా.

మేనేజరుకు ఏమర్థమైందో గానీ లోను వచ్చింది. మగ్గాలు అమ్మలేదు. ఈ రోజుకీ మా ఇంట్లో మగ్గం చప్పుడు వినబడుతోందంటే అది సారు పుణ్యమే.

కర్మ అయిపోయాక వాళ్ళావిడను చూడటానికి వెళ్ళాను. కంప్యూటరు మీద సారు తువ్వాలు కప్పి ఉంది. నన్ను పట్టుకుని ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, ఉన్నట్టుండి అడిగింది.

"ఆయమ్మకు చెప్పినావా పాపా?"

ఇంటికొచ్చి మా అంగడి పేజీలో రెండు ముక్కలు రాశాను. మా సారు పోయారు, పార్సిళ్ళు కొంచెం ఆలస్యమవుతాయి అని. మర్నాడు మెయిల్ వచ్చింది. నెమలికంఠం చీర అడిగినామె. ఆమె ముఖం నేనెరగను, ఆమె ఊరి పేరు కూడా అంతకుముందు వినలేదు.

"చీరకు తొందరేమీ లేదు. ఆయన ఎవరు?"

జవాబు రాయడానికి కూర్చున్నాను. నీడ ఫోటో కోసం మళ్ళీ దండెం మీద వేసిన చీర గాలికి మెల్లగా తిరుగుతోంది. ఒకసారి నీలం, ఒకసారి పచ్చ.