మట్టం మేస్త్రీ, మారిన కొస

ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. మట్టం మేస్త్రీ అంటారు. ఆయన వేసిన గచ్చు మీద చెంబెడు నీళ్ళు పోస్తే ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడతాయని ప్రతీతి. ముప్పై ఏళ్ళుగా తాపీ పట్టిన చెయ్యి. చెయ్యి బాగానే ఉంది, మోకాలే మొరాయించింది. గోడ పక్కన నిలబడి పని చేసుకోడానికి కర్రలు కట్టిన సారువ ఎక్కాలంటే మధ్యలో దగ్గు వచ్చినట్టు ఆగుతాడు. ఆ దగ్గుతో ఎవరిని మోసం చేద్దామనుకున్నాడో ఆయనకే తెలియాలి. కింద సిమెంటు మాలు కలిపే భార్య మాత్రం తలెత్తి చూసి, పళ్ళు కొరికి, మళ్ళీ పార పట్టుకునేది.

కంట్రాక్టరు మంచిగానే చెప్పాడు. "ఇంక ఎక్కొద్దు మేస్త్రీ. గేటు దగ్గర కుర్చీ వేయిస్తా. వచ్చే బస్తాలు, పోయే బస్తాలు చూసుకుంటూ కూర్చో."

గోడ కట్టినవాడు గోడకి కాపలా కూర్చోవడమా! మేస్త్రీకి ఆ రాత్రి ముద్ద దిగలేదు. నెలాఖరుకి చెబుతానన్నాడు. అప్పట్నుంచే ఫోను పిచ్చి ముదిరింది.

ఫోనులో చేసేది పరదేశపు డబ్బుల వ్యాపారం. ఫోన్లు బాగుచేసే కొట్టున్న బావమరిది నేర్పాడు. డాలర్లతో యూరోలు కొనాలి, ధర పెరిగాక అమ్మాలి. ఎక్కే ధర ఒక దమ్మున ఎక్కదట. కొంత ఎక్కి, అలిసిపోయి, ఎక్కినదాంట్లో సగం దాకా వెనక్కి దిగి, అక్కడ ఊపిరి తీసుకుని మళ్ళీ ఎక్కుతుందట. అడుగు నుంచి కొస దాకా కొలిచి, సగానికి గీత గీసుకుని, ధర ఆ గీతకి దిగినప్పుడు కొనాలి. ప్రతిసారీ అలాగే జరుగుతుందా అంటే, జరగదు. మేస్త్రీ నాలుగుసార్లు కొన్నాడు. మూడు పోయాయి, ఒకటి నిలబడింది. ఆ ఒక్కదాని గురించే నలుగురికీ చెబుతాడు.

గీత అనేసరికి ఆయనకి ప్రాణం లేచివచ్చింది మరి. పని మొదలైన రోజున, పైపు రెండు కొసల్లో నీళ్ళు సమంగా నిలిచిన చోట స్తంభం మీద మట్టం గీత కొట్టడం ఆయన విద్య. గడప, కిటికీ, గచ్చు, ఇల్లంతా ఆ గీత నుంచే కొలత. ఆ గీత మీద ఎవడి వీపైనా ఆనిందా, వాడికి ఆ పూట మూడినట్టే.

భార్య తెగేసి చెప్పింది. "ఇంకొక్క పందెం. పోయిందా, నోరుమూసుకుని కుర్చీలో కూర్చో. వచ్చిందా, ఇంట్లో కూర్చుని గీసుకో నీ గీతలు. ఏదైనా సరే, సారువ మాత్రం ఎక్కడానికి లేదు."

"సరే" అన్నాడు మేస్త్రీ. ఆ ఒక్క పందెం మీదే ఇప్పుడు ఆయన పరువంతా ఉంది.

సోమవారం గీత కొట్టాడు. ధరలో ముందున్న ఒకటిని వదిలేసి చివరి అంకెలే చెప్పుకుంటారు వాళ్ళు. అడుగు ఎనిమిది వందలు, కొస వెయ్యి, సగం తొమ్మిది వందలు. తొమ్మిది వందలకి దిగితే కొనాలి.

మంగళవారం పొద్దున్నే ధర వెయ్యి దాటి వెయ్యిన్నీ ఎనభై దాకా ఎగిరి, అక్కడ్నుంచి దిగడం మొదలుపెట్టింది. బావమరిది ఫోను చేశాడు.

"బావా, కొస మారింది. గీత మళ్ళీ గియ్యి."

"నేను కొట్టిన మట్టం నేనే చెరపాలా? నాకు చెబుతున్నావురా నువ్వు, మట్టం సంగతి!"

"అది స్తంభం కాదు బావా, ధర. కదులుద్ది."

"కదిలినా నా గీతకే రావాలి" అని పెట్టేశాడు.

ఆ రోజు పని కింది అంతస్తులో. అక్కడ సిగ్నల్ అందదు. చూడాలంటే మెట్లెక్కి పైకి పోవాలి. మేస్త్రీ తాపీ పడేసి ఎక్కాడు, ధర వెయ్యిన్నీ ఇరవై. దిగాడు. రెండు తట్టల మాలు ఎండబెట్టి మళ్ళీ ఎక్కాడు, తొమ్మిది తొంభై. దిగాడు, గోడ మీద నీళ్ళు చల్లడం మరిచాడు, ఎక్కాడు, తొమ్మిది అరవై. కాళ్ళ కింద నిప్పులు పోసినట్టు ఒకచోట నిలవడే!

"సారువ ఎక్కలేని కాలు మెట్లు తొమ్మిదిసార్లు ఎక్కింది. డాక్టరుకి చెప్పాలి, మందేదో దొరికిందని" అంది భార్య.

"దిగుతోందే. దగ్గరికొచ్చేసింది."

"నువ్వు కూడా దిగు. మాలు రాయైపోతోంది."

పదోసారి చూస్తే తొమ్మిది నలభై. ఇంకో నలభై దిగితే గీత. అంతలో కింద లారీ హారన్ మోగింది. గచ్చుకి రాళ్ళొచ్చాయి.

తీరా చూస్తే అనుకున్న రాయి కాదు. ఇంటివాళ్ళు మనసు మార్చుకుని రెండింతల మందం రాయి పంపారు. మేస్త్రీ ఒక పలక నేల మీద పెట్టి, స్తంభం గీత నుంచి కొలిచి, తల అడ్డంగా ఊపాడు.

"దీని కింద మాలు పరవడానికి చోటే లేదు. గచ్చు పైకి జరపాలి. పాత గీత పట్టుకుని వేళ్ళాడితే పని కాదు. తడిగుడ్డ ఇలా తే" అని తనే గీత తుడిచేశాడు.

భార్య కొత్త మట్టం కోసం నీళ్ళ పైపు చుట్ట విప్పుతూ, ఆయన మొహం కూడా చూడకుండా అంది. "పొద్దున మా తమ్ముడు చెప్పిందీ ఇదేగా?"

మేస్త్రీ గుడ్డ అక్కడే పడేశాడు. పదకొండోసారి మెట్లెక్కాడు. ఈసారి దగ్గు నటించడానికి కూడా ఆగలేదు. ఎనిమిది వందల నుంచి వెయ్యిన్నీ ఎనభైకి కొలిచి, కొత్త సగం గీశాడు. తొమ్మిది నలభై! ధర సరిగ్గా అక్కడికి దిగి, ఊపిరి తీసుకుని, ఎగిరిపోయింది. ఇప్పుడు వెయ్యిన్నీ పది. ఆయన కొట్టిన తొమ్మిది వందల గీత మాత్రం కింద ఎక్కడో దిక్కులేకుండా పడి ఉంది.

విద్య తప్పు కాదు. పట్టుదల తప్పు. అందుకే ఇంకా ఒళ్ళు మండింది. పోతే పోయింది, ఇప్పుడైనా కొందామని వేలు ఫోను మీదికి పోయింది. పైపు భుజాన వేసుకుని భార్య వెనకే వచ్చింది.

"నీ గీత ఎక్కడుంది?"

"తొమ్మిది నలభై."

"ధర ఎక్కడుంది?"

"వెయ్యి దాటింది."

"గీత లేని చోట నువ్వెప్పుడైనా రాయి వేశావా?"

మేస్త్రీ వేలు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత అదే వేలితో కంట్రాక్టరుకి ఫోను చేశాడు.

"కుర్చీ వద్దు. నీకు ఐదు పనులు నడుస్తున్నాయిగా? ఐదింటికీ మట్టం నేను కొడతా. సారువ ఎక్కను. పైపు రెండో కొస పట్టుకోవడానికి మా ఆవిడ ఉంది."

అవతల్నించి నవ్వు వినిపించింది. "ఈ మాట ముందే అడిగి ఉండొచ్చుగా మేస్త్రీ! రేపట్నుంచే మొదలుపెట్టు."

అడగడానికి నోరు రాక ఇన్నాళ్ళు గీతల వెంట తిరిగాడు మహానుభావుడు.

ఇద్దరూ కిందికి దిగి పైపులో నీళ్ళు నింపారు. ఆయన ఒక స్తంభం దగ్గర, ఆమె ఇంకో స్తంభం దగ్గర. పైపులో నీళ్ళు ఊగుతున్నాయి, ఇంకా నిలవలేదు.

"ఏమే, పెట్టని పందెం పోయినట్టా, మిగిలినట్టా?"

"పోయినట్టే."

"ఎలా పోయినట్టు? పెట్టనే లేదుగా!"

"సాయంత్రం ఆ యాప్ నా చేత్తో నేనే తీసేస్తా. అప్పుడు తెలుస్తుంది ఎలా పోయిందో."

ధర ఏ గీత దాటిందో, ఎక్కడ్నుంచో చిటికెడు సిగ్నల్ అంది జేబులో ఫోను ఒక్కసారి కొట్టుకుంది. మేస్త్రీ ఎడమచెయ్యి పైపు వదిలి జేబు వైపు సగం దాకా పోయింది.

"పైపు వదిలావంటే నీళ్ళన్నీ పోతాయి" అంది ఆమె, నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా.

చెయ్యి వెనక్కి వచ్చింది. మేస్త్రీ గొణుక్కుంటూనే పైపు పట్టుకున్నాడు.