పుల్లలు వంచిన సంజీవ బావ

మా సంజీవ బావకు ఒక్కటే పిచ్చి. ఊళ్లో ఏ గొడవ జరిగినా సరే, జొన్నపిండి ఉండలకు చీపురుపుల్లలు గుచ్చి అణువు బొమ్మ చేసి చూపిస్తే తప్ప ఆయనకు మాట పెగలదు. ఇబ్రహీంపట్నం బడిలో సైన్సు చెప్పేవాడు. పిండి మా ఇంద్రమ్మక్కది, చీపురూ అక్కదే, పిచ్చి మాత్రం పూర్తిగా ఆయన సొంతం.

"ఏందయ్యా గిది? రొట్టెల పుల్ల తగిలింది!" అని అక్క కేకలేస్తే, "పారెయ్యకు, అది బంధం" అని పళ్లెంలోంచి ఏరుకునేవాడు.

ఆయన రోజూ నాకు చెప్పే పాఠం ఒకటే. "యశోదా, ఎవరెంత గుంజుతున్నరన్నది సగం మాటనే. ఏ దిక్కుకు గుంజుతున్నరు? ఆకారం జూడాలె!" ఒక పెండ్లిలో పంక్తికి రెండు చివర్ల నుంచీ వడ్డిస్తే నడుమ ఉన్నవాళ్లకు పప్పు ఆఖరుకొస్తోందని, విస్తళ్లన్నిటినీ వంపు తిప్పిన మహానుభావుడు. పెండ్లికొడుకు తండ్రి కర్ర అందుకునేలోపు నేనే ఆయన చెయ్యి పట్టి ఇంటికి లాక్కొచ్చాను.

పోలీసు యాక్షన్‌కు ముందు వానాకాలం అది. రజాకార్లు ఇయ్యాళొస్తారు, రేపొస్తారని ఊరంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని ఉంది. మా పక్కింటి సుక్కమ్మకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు నారయ్య సంఘంలో చేరి గుట్టలు పట్టాడు. చిన్నవాడు అంజిలయ్య పట్నంలో బట్టల మిల్లులో పనిచేసేవాడు. నారయ్య మీద కసితో రజాకార్లు మొదట అంటించేది సుక్కమ్మ ఇల్లేనని ఊళ్లో అందరికీ తెలుసు. అందుకే ఆ పొద్దు కొడుకులిద్దరూ తల్లిని తీసుకుపోదామని వచ్చారు. వచ్చీ రాగానే ఒకడు కుడిచెయ్యి పట్టాడు, ఇంకొకడు ఎడమచెయ్యి.

"క్రిష్ణా నది అవతలికి తోల్కపోత. ఆడ మావోళ్లున్నరు" అన్నాడు నారయ్య.

"నీ ఎంబడి తుపాకుల నడుమకా? అవ్వా, పట్నం నడువు నాతోని!" అన్నాడు అంజిలయ్య.

"నేను యాడికి రా. సంపితే ఈడనే సంపనియ్యిండ్రి" అని సుక్కమ్మ గడప మీద కూలబడింది.

అన్నదమ్ములు అరుచుకుంటుంటే వాడంతా చేరింది. ఇంతలో మా బావ రొట్టెల పిండి పళ్లెంతో సహా ఎత్తుకొని వచ్చాడు.

"బావా, గిప్పుడు గూడనా!" అని నేను నెత్తి కొట్టుకున్నాను.

ఆయన వింటే కదా! గడప ముందు బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. నడుమ ఒక ఉండ, దానికి అటొకటి ఇటొకటి, పుల్లలు తిన్నగా గుచ్చాడు. "గిది బొగ్గు కాలితే వచ్చే గాలి. నడిమిది బొగ్గు. ఈ ఇద్దరు ఆక్సిజన్లు, ఇద్దరు మొండోళ్లే. సమానంగ గుంజుతరు, కానీ ఎదురెదురుగ. ఒకని గుంజుడును ఇంకొకని గుంజుడు మింగుతది. మొత్తం మీద అటూ లేదు, ఇటూ లేదు."

నడిమి ఉండ తీసేసి ఇంకొకటి పెట్టి, పుల్లలు రెండూ ఒక పక్కకు వంచి గుచ్చాడు. "గిది గంధకం కాలితే వచ్చే ఘాటుగాలి. ఇద్దరు ఆక్సిజన్లు వాళ్లే. కానీ ఆకారం వంగింది. గుంజుళ్లు రెండు కలిసి ఒక్క దిక్కుకు తేలుతయి, అణువుకు ధ్రువాలు పుడతయి. నీళ్లల్ల ఇట్టే కలుస్తది."

"ఎందుకు వంగింది మాస్టరూ?" తల్లి చెయ్యి వదలకుండానే, తగువు మరిచి అడిగాడు అంజిలయ్య.

"ఆఁ, గట్లడుగు! గంధకం కాడ ఎవ్వరితోని పంచుకోని ఎలక్ట్రాన్ల జోడొకటి మిగులుతది. అది ఈ ఇద్దర్ని ఒక పక్కకు నూకుతది. బొగ్గు కాడ అట్లాంటిదేం మిగల్లే." ఆయన సుక్కమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "సుక్కవ్వా, నీ కాడ పంచుకోనిదేమున్నదో చెప్పు. బిడ్డలు వంగుతరు."

 సుక్కమ్మ తల వంచి మొహం భుజానికి తుడుచుకుంది. "పెద్దోని ఎంబడి పోతే చిన్నోడు ఆడికి రాలేడు. చిన్నోనింటికి పోతే పెద్దోడు పట్నంల అడుగు పెట్టంగనే పట్టుకుంటరు. నేనీడ ఉంటెనే ఇద్దరు ఒక్క గడపకొస్తరు. ఇద్దరిల ఎవ్వన్ని పోగొట్టుకోమంటరురా?"

కొడుకులిద్దరూ ఆమె చేతులు వదిలేశారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, దాచుకోవడమెందుకు.

"అయితే ఇద్దరు రాగల జాగ ఒకటి కావాలె" అన్నాడు బావ. "మన్నెగూడ అవతల మా నర్సమ్మ అత్త పొలం. పట్నం నుంచి బాట ఉన్నది, గుట్టల నుంచి చేన్ల చాటు దారి ఉన్నది. ఏమంటరు?"

సుక్కమ్మే ముందు తలూపింది. నారయ్య ఒక భుజం, అంజిలయ్య ఒక భుజం పట్టి తల్లిని లేపారు. మా వాకిట్లో అప్పటికే బండి కట్టి ఉంది.

తోడుగా నేనూ వెళ్లాను. పొలంలో గది అలికి ఉంది, కొత్త నులక మంచం వేసి ఉంది. "మొన్ననే మీ బావ వచ్చి అల్లిండు" అంది నర్సమ్మ అత్త. "చేతులు బొబ్బలెక్కినయి, నులక నన్ను ముట్టనియ్యలే. ముసలామెకు కీళ్లనొప్పులట, జర బిగువుగ ఉండాలెనట."

ఆ వారంలోనే సుక్కమ్మ ఇల్లు కాల్చేశారు. కాలింది ఇల్లే, మనిషి కాదు.

పోలీసు యాక్షన్ అయిన కొత్తలో ఒకరోజు అన్నదమ్ములిద్దరూ మన్నెగూడ వస్తే మేమూ పోయాం. అక్కడ బావను నిలదీశాను. "అన్ని ముందే తయారు పెట్టుకున్నవ్. సీదా మన్నెగూడ పోదాం పాండ్రి అంటే అయిపోతుండె గద! పిండి ఖరాబు చేసుడెందుకు?"

"నేను చెప్తే నా మాట మీద పోతుండె. ఆమె ఇల్లు ఆమె ఇడిసి పోతున్నది, ఆమె మాట మీదనే పోవాలె."

"మరి నోరు ఇప్పకపోతే?"

"ఇప్పకపోతేనా? ఆకారం గీకారం పక్కకు పెట్టి, భుజాన ఏస్కొని ఉరికేటోన్ని."

మంచం మీది నుంచి సుక్కమ్మ ఆయన చీపురుపుల్ల ఒంటిని పైనుంచి కిందిదాకా చూసింది. "నువ్వా మాస్టరూ? ఊరి బొడ్రాయి దాటకముందే నేను దిగి నిన్ను సంకనేస్కొని ఉరుకుతుంటి!"

కొడుకులిద్దరూ తల్లికి చెరో పక్క కూర్చొని పడీ పడీ నవ్వారు.