కొంగున కట్టిన ఫోను

ఇవాళ పొద్దున్నే మా అమ్మాయి డర్బన్ సముద్రం ఒడ్డు నుంచి ఫొటో పంపింది. గొడుగు కింద మొగుడు, ఇసుకలో పిల్లాడు, కాళ్లు చాపుకుని తను. కింద ఒక మాట: "అమ్మా, అచ్చం మన టౌరంగా హాలిడేలా హాయిగా ఉంది!" హాయిట! అప్పుడు దానికి నాలుగేళ్లు. దానికి ఇసుక గూళ్లే గుర్తున్నాయి. నాకు గుర్తున్నది వేరు.

అప్పుడు మేం పరాయి దేశంలో, హెండర్సన్ అనే పేటలో చిన్న ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. మావారి ఉద్యోగం పోయి ఐదు నెలలైంది. కొత్తది దొరక్కపోతే నెలాఖరుకి వీసా అయిపోతుంది. మిగిలిన ఒకే ఒక్క కంపెనీ, "శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేస్తాం, దొరక్కపోతే తర్వాతివాళ్లకి ఇచ్చేస్తాం" అంది. ఆ శుక్రవారమే మాఘ పౌర్ణమి. కాకినాడ నుంచి మమ్మల్ని చూడ్డానికొచ్చిన మా అత్తగారు సముద్రస్నానం చేసి తీరాలన్నారు. ఏ దేశమైతేనేం, సముద్రం సముద్రమేగా అని ఆవిడ వాదన. సముద్రం పక్కనున్న టౌరంగా ఊళ్లో స్నేహితుడి ఇల్లు ఖాళీగా ఉంది. ఇంట్లో ఫోను చుట్టూ ప్రదక్షిణాలు చేసే బదులు పోదాం పదండని మావారు కారు తీశారు.

ఒడ్డున నేను చాప మీద పులిహోర సర్దుతున్నాను. మావారు పిల్లని అలల్లోకి తీసుకెళ్తూ ఫోను వాళ్లమ్మ చేతికిచ్చి, "మోగితే కేకెయ్యమ్మా" అన్నారు. ఆవిడ దాన్ని భద్రంగా కొంగున ముడేసుకున్నారు. బీరువా తాళాలైనా, బస్సు చిల్లరైనా ఆ ముడిలో ఉంటేనే ఆవిడకి నమ్మకం. కాసేపటికి చుట్టూ తెల్లవాళ్లు వింతగా చూస్తుండగా, అలల మీద పసుపూ కుంకుమా చల్లి, "మావాడికి ఉద్యోగం ఇప్పించు తల్లీ!" అంటూ మూడు నిండు మునకలు వేశారు.

కొంగు పిండబోతే చేతికి గట్టిగా ఏదో తగిలింది. "అయ్యో, నా మతి మండ!" అని ఆవిడ పెట్టిన కేకకి నా చేతిలో గిన్నె జారింది. మావారు పరిగెత్తుకొచ్చి, సిమ్ము తీసి చొక్కాకి తుడిచి, పక్కనున్న తెల్లావిణ్ణి బతిమాలి ఆవిడ ఫోన్లో వేశారు. రెండుసార్లు చేశాం, దొరకలేదు, వేరేవాళ్లకి ఇచ్చేశాం అని మెసేజ్. తిరిగి ఫోన్ చేసి ప్రాధేయపడ్డారు. ఆయన అలా ఎవరినీ బతిమాలగా నేనెప్పుడూ చూడలేదు. అయినా వాళ్లు కుదరదన్నారు.

"ఏమన్నార్రా?" తడి చీరలో వణుకుతూ అడిగారు అత్తగారు.

"వాళ్లు నిన్ననే వద్దన్నారమ్మా. నేనే మీకు చెప్పలేదు. రా, పులిహోర తిందాం."

నెల తిరక్కుండా మూటాముల్లె సర్దుకుని కాకినాడ వచ్చేశాం. "ఉద్యోగం రాదని తెలిసి కూడా మమ్మల్ని సముద్రానికి తిప్పాడు, పిచ్చి సన్నాసి" అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. నమ్మేశారనే అనుకున్నాను. కానీ ఆ తర్వాత తాళాలు గోడ మేకుకి వెళ్లాయి, చిల్లర డబ్బాలోకి వెళ్లింది. పోయేదాకా ఆవిడ కొంగున ఇంకేదీ ముడి వెయ్యలేదు.

"అవునే, ఎంత హాయిగా గడిచిందో!" అని అమ్మాయికి జవాబు రాశాను. ఇన్నేళ్లకి అబద్ధం చెప్పే వంతు నాకొచ్చింది.