ముందు నా కాళ్లు చూసుకున్నాను

ఇది పోయినేడే రాయాల్సింది. అప్పుడు నాకు అక్షరాలు రావు. ఏడేళ్లకే అమ్మ వెంట చేపలు అమ్మడానికి తిరిగాను. యాభై రెండేళ్లకు మా కోడలు పలక ముందు కూర్చోబెట్టింది. బడికి పంపని నాయన కర్రసాము మాత్రం నేర్పాడు. ఆయనకు ఎదురు కర్ర పట్టే మనిషి కావాలి, ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే.

దెబ్బ తగిలి ఏడిస్తే ఒకటే అనేవాడు: “నా కర్ర చూడమాక. నీ కాళ్లు యాడుండాయో చూసుకో.” చూస్తే ప్రతిసారీ నా కాలే తప్పుగా పడి ఉండేది.

పులికాట్ ఒడ్డున మా ఊళ్లో పన్నెండు మంది ఆడవాళ్లం కలిసి చేపలు ఎండబెట్టి అమ్ముతాం. లీడర్ని నేను. పోయిన వేసవిలో సూళ్లూరుపేట వ్యాపారి మా బస్తాలన్నీ వెనక్కి పంపాడు, చేపల నిండా ఇసకేనని. మేం పాత వలలు పరిచి వాటి మీదే ఎండబెడతాం. ఆ వారం ఆ పని మా వీధి చివరి ఇంటామెది. అందరి ముందూ అడిగేశాను.

“వల పరవడానికి బద్ధకమా మే? నేల మీదే పోసినావా?”

“పోస్తా, నీ నెత్తిన పోస్తా” అంది. “లీడరమ్మ ఎండలో కూచుని ఎన్నాళ్లయిందో. ఇంక నేను రాను, నువ్వే ఎండబెట్టుకో.”

లేచి వెళ్లిపోయింది. ఆమె వెనకే తోడికోడలు, చెల్లెలు, ఇంకో ముగ్గురు. ఆరుగురు పోతే మా సంఘం నిలవదు.

సాయంత్రం ఎండబెట్టే చోటికి ఒక్కదాన్నే వెళ్లాను. వలలు చక్కగా పరిచే ఉన్నాయి, మూలల్లో రాళ్లు పెట్టి. గాలి రోడ్డు మీది ఇసకను తెచ్చి వాటి మీద పోస్తోంది. ఒడ్డున నేల తడిగా ఉంటుంది, ఇసక లేవదు. బస్తాలు ఆటోకెక్కించడం సులువని, ఒడ్డున పరిచే వలలను రోడ్డు పక్కకు మార్పించింది నేను. ఆమె అప్పుడే వద్దంది, నేను వినలేదు.

సిగ్గేసింది, భయం మాత్రం వేయలేదు. తప్పు పడ్డ కాలు తీసి సరైన చోట పెట్టడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

మర్నాడు పొద్దున్నే ఆమె ఇంటికి వెళ్లాను. నేను తిట్టింది అందరి ముందు కాబట్టి దారిలో సంఘంలో అందర్నీ పిలుచుకున్నాను. ఆమె వాకిలి ఊడుస్తోంది.

“చోటు మార్పించింది నేను. ఇసక నావల్లే పడింది. నింద నీ మీద వేసినాను” అన్నాను.

“ఇప్పుడు తెలిసిందా అక్కా” అంది ఊడుస్తూనే.

“తెలిసింది. యాడ పరవాలో నువ్వు చెప్పు.”

మా అందరి వంకా ఒకసారి చూసి చీపురు గోడకు ఆనించింది. ఆమె చూపించిన చోటికి వలలు నేను మోశాను.