బతికున్నవాళ్ళు కనిపించరు

మా అమ్మకు ఒక అప్ప. నాకు పెద్దమ్మ. ఆవిడ గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు ‘ఉంది’ అనాలో ‘ఉండేది’ అనాలో చాలా ఏళ్ళు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అరవైల్లో ఇక్కడ, బర్మాలో, మనవాళ్ళ కొట్లన్నీ సర్కారు తీసుకున్నప్పుడు, కొత్తగా పెళ్ళయిన పెద్దమ్మ మొగుడితో కలిసి విశాఖపట్నం ఓడ ఎక్కేసింది. అప్పటికి అమ్మ ఇంకా రెండు జడల పిల్ల. కొన్నాళ్ళు ఉత్తరాలు నడిచాయి. తర్వాత అక్కడ వాళ్ళు ఇల్లు మారారు, ఇక్కడ మేము కాలువ దాటి తాకేటా పేటకి మారాం. ఉత్తరాలు మాత్రం ఎవరితోనూ మారలేదు.

ఇందులో చిక్కేమిటంటే పెద్దల అమావాస్య. ఆ రోజు మా ఇంట్లో పోయినవాళ్ళందరికీ వరసగా అరిటాకులు వేసి వడ్డిస్తారు. ఆడపడుచులకు పెట్టాలా, అప్పచెల్లెళ్ళకు పెట్టాలా అని శాస్త్రం ఏమంటుందో నాకు తెలియదు. మా వంటింట్లో శాస్త్రం కంటే అమ్మే పెద్ద. ఏటా తాతకీ అమ్మమ్మకీ నాన్నకీ ఆకులు వేసి, నాలుగో ఆకు చేతిలో పట్టుకుని అమ్మ అలా నిలబడిపోయేది.

“బతికున్నదానికి ఆకేస్తే దాని ఆయుస్సు కోసీసినట్టు. పోనదానికి ఎయ్యకపోతే ఆకలితో తిరుగుతాది. ఏటి సెయ్యమంటావే?”

“సగం ఆకు వెయ్యి,” అన్నాను ఒకసారి. ఆ రోజు నాకు అన్నం ఆలస్యంగా దొరికింది.

సైన్యం గద్దెనెక్కిన ఏడాది మా దారాలు, బొత్తాల కొట్టు మూతపడింది. లైంగ్‌థార్యార్ పేటలో బట్టల ఫ్యాక్టరీలు ఆగిపోయి, మా దగ్గర కొనే కుట్టుపని అమ్మాయిలు ఊళ్ళకు వెళ్ళిపోయారు. నా దగ్గర ఇంకా అన్ని రంగుల దారమూ ఉంది, కుట్టడానికే ఏమీ లేదు. పొద్దు గూకాక ఊరంతా గిన్నెలు కొట్టి సైన్యమనే పీడను తరిమేది. అమ్మ కూడా కొట్టేది, అయితే సొట్టపడినవే ఏరి మరీ కొట్టేది. విప్లవానికని మంచి స్టీలు పాడు చేసుకోదు ఆవిడ. సెల్‌ఫోన్లలో నెట్టు పీకేశారు. నెట్టు లేకుండా ఎలాగో నెట్టుకొచ్చాం. ఆ పైన వానాకాలంతో పాటు కోవిడ్ మా వీధిలోకి దిగింది. ఆక్సిజన్ సిలిండర్లు పట్టుకుని జనం వరసల్లో నిలబడ్డారు. మా వరసలో రెండిళ్ళలో దీపాలు పెట్టేవాళ్ళు లేకుండా పోయారు. అప్పుడే అమ్మ ఒక పొద్దున్న టీ గ్లాసు కింద పెట్టి అంది:

“ఈ అమావాస్యకి నాకు తెలిసిపోవాలే. నాను పోతే ఆ ఆకు గురించి అడిగీవోళ్ళు కూడా ఉండరు.”

మా మేడ మీద రిటైరైన టీచరమ్మ ఉంటుంది. బర్మా వాడుకలో అందరం ‘సయామా’ అంటాం. తెలుగు బాప్టిస్టు. వాళ్ళింట్లో కేబుల్ మీద వచ్చే వైఫై ఉంది, మా ఇంటి మెట్ల దాకా కారుతుంది. ఆవిడ తన వంశాన్ని అంతర్జాలంలో ఒక వంశవృక్షాల సైట్లో తవ్వుకుంటూ, మిషనరీ దొరల కాలం దాకా వెళ్ళిపోయింది. నన్ను మూడో మెట్టు మీద కూర్చోబెట్టి అంది: “ముందు చెట్టు నాటు. అవతల ఎవరైనా అదే చెట్టు వెతుకుతుంటే, అది ఇద్దర్నీ కలుపుతుంది.”

చెట్లు నాటడంలో నా చరిత్ర గొప్పది కాదు. కుండీలో తులసిని కూడా బతికించలేదు. అయినా మొదలుపెట్టాను. మా నాన్న అమ్మకు మేనమామ కొడుకు. ఆ సంగతి రాయగానే సైటుకు కంగారు పుట్టింది. పైకి పాకిన కొమ్మ మళ్ళీ వంగి అదే మానుకు అతుక్కునే చెట్టును అది ఎక్కడా చూసి ఉండదు. ‘దయచేసి సరిచూసుకోండి’ అని ఎర్రక్షరాలతో మొత్తుకుంది. సరిచూసుకుంటే ఈసారి నేను మా నాయనమ్మకు అత్తగారినయ్యాను. సయామా కళ్ళజోడు తీసి తుడుచుకుంది, నవ్వొచ్చినప్పుడు ఆవిడ చేసే పని అదే.

చివరికి పెద్దమ్మ గడి వచ్చింది. పేరు పెట్టాను, తాత పేరు పెట్టాను, సిక్కోలు వైపు మా ఊరి పేరు, ఓడ ఎక్కేనాటికి మావాళ్ళున్న వీధి పేరు పెట్టాను. కింద రెండు చుక్కలున్నాయి. సజీవులు. దివంగతులు. ఏదో ఒకటి నొక్కితే గాని సైటు ముందుకు పోనివ్వదు.

అమ్మను పిలిచాను. మెట్లెక్కి వచ్చి రెండు చుక్కల్నీ చూసింది.

“ఇదీ అమావాస్య లాగే అడుగుతన్నాదేటి?”

“మూడో చుక్క లేదమ్మా.”

“అయితే బతికే ఉన్నాదని నొక్కీ.”

నొక్కాను. పెద్దమ్మ పేరు వెంటనే బూడిదరంగు పెట్టెలోకి వెళ్ళిపోయింది. సయామా అప్పుడు అసలు సంగతి చెప్పింది. బతికున్నవాళ్ళ వివరాలు బయటివాళ్ళకు చూపించరట, ఎవరైనా దుర్వినియోగం చేస్తారని. పోయినవాళ్ళవైతే లోకంలో ఎవరు వెతికినా కనిపిస్తాయి.

“అంటే మా అప్ప దొరకాలంటే దాన్ని సంపాల?” అంది అమ్మ.

“ఊరికే చుక్క మార్చడమేనమ్మా,” అన్నాను.

“ఆకెయ్యడం కూడా ఊరికే ఆకెయ్యడమే. అంత సులువైతే ఇన్నేళ్ళూ ఎందుకాగినాను? ముట్టుకున్నావంటే చూడు.”

నేను మార్చేస్తానేమోనని అమ్మ నా ఫోను రెండు రోజులు బియ్యం డబ్బాలో దాచింది. దాన్ని వెతకడానికి పట్టిన టైములో నేను మా వంశాన్ని అశోకుడి దాకా తవ్వగలిగేదాన్ని. మూడో రోజు మధ్యాహ్నం మెట్ల దగ్గర కూర్చుని బెండకాయలు తరుగుతూ, కత్తిపీట మీంచి తలెత్తకుండానే అంది:

“నన్ను సంపీ.”

“ఏంటమ్మా?”

“నన్నేనే. నా పేరు ఎదర ఆ చుక్క నొక్కీ. నాను కనిపిస్తాను గదా. అది బతికుంటే నన్ను ఎతుకుద్ది. లేదంటే దాని పిల్లలు ఎతుకుతారు. నా ఆయుస్సు నా ఇష్టం, అడిగీవోడెవుడు?”

సయామా పై మెట్టు మీద నుంచి, “నీ మొదటి హత్యకు సాక్షి నేనే,” అంది. వీధిలో ఇంత మంది పోతుంటే, ఎదురుగా కూర్చుని బెండకాయలు తరుగుతున్న మనిషికి ‘దివంగతులు’ నొక్కడం నాకు నవ్వులాటగా అనిపించలేదు. అమ్మే నా వేలు పట్టుకుని నొక్కించింది. తర్వాత తెర మీదికి వంగి చూసుకుంది.

“పేరు ముందు డో ఏదే?”

డో అంటే బర్మీలో ఆడవాళ్ళకు గారు. మరిచిపోయానన్నాను.

“సచ్చినాక కూడా మర్యాద లేదు ఈ ఇంట్లో.”

డో చేర్చాను. అప్పట్నుంచి ఎదురుచూపులు. అమ్మ తన స్థితిని చక్కగా వాడుకుంది. అంట్లు తోమమంటే, “నాను పోనాను గదా,” అనేది. మందులేసుకోమంటే, “ఇంకెందుకు?” అనేది. నవ్వేదాన్నే గాని, రాత్రి పడుకునే ముందు ఆవిడ ఊపిరి వినడం నాకు అలవాటైపోయింది.

అమావాస్య ఇంకా వారం ఉందనగా సందేశం వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసింది ఎవరో అమ్మాయి. విశాఖపట్నంలో కోవిడ్ రోజుల ఖాళీలో వాళ్ళ మామ్మ పుట్టింటి పేర్లు వెతుకుతుంటే మా చెట్టు తగిలిందట. మెట్ల మీద నిలబడి అమ్మకు చదివి వినిపించాను:

‘నమస్తే ఆంటీ. మీ అమ్మగారు మా మామ్మకి సొంత చెల్లెలు. ఉత్తరాలు ఆగిపోయాక ఆవిడ పోయారనుకుని మామ్మ చాలా ఏళ్ళుగా పెద్దల అమావాస్యకి ఆకు వేస్తోంది. అసలు తిథి ఎప్పుడో చెప్తారా? ఇకమీదట ఆ రోజే పెడతానంటోంది.’

అమ్మ మెట్టు మీద కూలబడింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందని దగ్గరికెళ్ళాను.

“బతికే ఉన్నాదే,” అంది. ఊపిరి పీల్చుకుని, “నన్నెప్పుడు సంపీసిందే అది? నాను ఇన్నేళ్ళూ ఆకు పట్టుకుని నిలబడిపోతంటే, అది నిమిషం ఆగకుండా పెట్టీసింది!”

తిథి చెప్పకుండా, వీడియో కాల్ చేస్తామని రాశాను. సయామా ఇంట్లో, కిటికీ దగ్గర, సిగ్నల్ పట్టే ఆ ఒక్క కుర్చీలో అమ్మను కూర్చోబెట్టాం. తెరలో ముందు నుదురు, తర్వాత ముక్కు, ఆఖరికి మొత్తం మొహం వచ్చింది. అచ్చం అమ్మే. పళ్ళు మాత్రం కొన్ని తక్కువ.

“ఎవులది?” అంది పెద్దమ్మ.

“నానే అప్పా.”

“సచ్చిపోనావన్నారు గదే.”

“నువ్వే సంపీసినావు గదా, ముందే.”

పెద్దమ్మ తెరకు మరీ దగ్గరగా వచ్చింది. కన్ను ఒక్కటే కనిపించింది. అది నిండిపోయింది. అవతల మనవరాలు ఫోను సరిచేసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, అమ్మే అడిగింది:

“నా ఆకులో ఏటి పెట్టీదానివి?”

“పెసరపప్పు. బూరెలు. గుమ్మడికాయ కూర.”

“గుమ్మడికాయా! చిన్నప్పుడు నాను ముట్టీదాన్నా అసలు?”

“సచ్చినోళ్ళు వంకలు పెడతారని నాకు తెలుసేటే?”

“ఇన్నేళ్ళూ గుమ్మడికాయే పెట్టినావా?”

“నువ్వు తింటన్నావనే అనుకున్నాను,” అంది పెద్దమ్మ. “కాకి వొచ్చి తినీది. చెల్లికి ఆకలి తీరిందిలే అనుకునీదాన్ని.”

బొమ్మ కాస్త బిగుసుకుని మళ్ళీ కదిలింది.

“ఇంతకీ ఇయ్యాల అన్నం తిన్నావేటి?” అంది పెద్దమ్మ.

“ఇంకా లేదు.”

“టైమెంతైనాదే? ఎల్లి తినిరా ముందు. ఫోను ఎక్కడికీ పోదు.”

మా ఊళ్ళో ముందు పోయేది ఫోనేనని ఆవిడకు ఎవరు చెప్తారు? సయామా చప్పుడు కాకుండా వంటింట్లోకి వెళ్ళి కంచంలో అన్నం పెట్టి తెచ్చింది. అమ్మ కుర్చీలోంచి లేవలేదు. కంచం ఒళ్ళో పెట్టుకుని, అప్ప చూస్తుండగా, ముద్ద కలపడం మొదలుపెట్టింది.