కిటికీలో నీలం గుడ్డ

ఆ వీధిలో పొద్దున్నే బిందెతో బయటికి వచ్చినవాళ్ళు ముందు కుళాయి వైపు చూడరు. మూలమీది కుట్టు దుకాణం కిటికీ వైపు చూస్తారు. కిటికీ ఊచకు నీలం గుడ్డ కట్టి ఉంటే బిందె కుళాయి కింద పెడతారు. ఎర్రగుడ్డ ఉంటే బిందె బోర్లించి ట్యాంకరు కోసం కూర్చుంటారు. ఆ గుడ్డ కట్టే మనిషి టైలరమ్మ.

ఆమెకు పేరు లేక కాదు. పేరు పెట్టి పిలిచే మనిషి పోయాక అది ఎవరి నోటా రాలేదు, అంతే. ఆమె భర్త పోయింది ఈ నీళ్ళ వల్లే. ఆ వేసవిలో ఇంటికొకరు మంచం పట్టారు. గోడకు ఇవతల తన భర్త వాంతి చేసుకుంటుంటే, గోడకు అవతల మరొకరు కక్కుతున్న చప్పుడు ఆమెకు వినిపించేది. నీళ్ళు చూస్తే అద్దంలా తేటగా ఉండేవి. కుళాయికి నీళ్ళు వచ్చే కాలువకు ఎగువన రంగుల కార్ఖానా ఉంది. రంగే కలిసి వచ్చి ఉంటే కంటికి కనబడేది, జాగ్రత్త పడేవాళ్ళు. రంగు లేనిదేదో వచ్చింది.

ఆ తరువాతే వీధి మేలుకుంది. ఆడా మగా కాలువలోకి దిగి పూడిక తీశారు. నీళ్ళు కుళాయిల ట్యాంకులోకి మళ్ళే చోట, వడకట్టడానికి ఇసుక మడి కట్టారు. కాలువగట్టున దుకాణమున్న వెల్డరు ఇనుప తలుపొకటి చేసి బిగించాడు. అది దింపితే కాలువ నీళ్ళు చుక్క కూడా లోపలికి రావు. మరి ఎప్పుడు దింపాలి? నీళ్ళు పరీక్షకు పంపితే ఫలితం వచ్చేలోగా తాగేవాళ్ళు తాగేస్తారు.

"మనకంటే ముందు తాగేవాళ్ళు ఎవరైనా ఉండాలి," అన్నాడు వెల్డరు నవ్వుతూ. ఎవరూ నవ్వలేదు. ఆ మాటలోంచే చేపలు వచ్చాయి.

దుకాణం కిటికీ గట్టు మీద గాజు జాడీ, అందులో వేలెడేసి కాలువ చేపలు. రోజూ తెల్లారగానే టైలరమ్మ జాడీలో పాత నీళ్ళు పారబోసి కుళాయి నీళ్ళు నింపుతుంది. కాసేపు కనిపెట్టి చూస్తుంది. చేపలు మామూలుగా తిరుగుతుంటే నీలం గుడ్డ. ఒక్కటి చచ్చి తేలినా ఎర్రగుడ్డ. ఎర్రగుడ్డ కనబడగానే గట్టున వెల్డరు తలుపు దింపుతాడు. రోజంతా మెషిను ముందు కూర్చునే మనిషి, పైగా పోగొట్టుకున్న మనిషి, కన్నార్పకుండా చూస్తుందని కాలువ కోసం వీధిలో పెట్టుకున్న సంఘం వాళ్ళు ఆ పని ఆమెకు అప్పగించారు. ఆమె చూసింది కూడా. అప్పటినుంచి ఆ వీధిలో నీళ్ళ వల్ల మంచం పట్టినవాళ్ళు లేరు.

మనవరాలు పుట్టాక పద్ధతి కొంచెం మారింది. కొడుకు పొరుగూళ్ళో పని చూసుకుంటూ వారానికోసారి వస్తాడు. కోడలిది బస్‌స్టాండులో టిక్కెట్లిచ్చే ఉద్యోగం, పొద్దున్నే బయల్దేరాలి. చంటిదానికి పోతపాలు. సీసా మరగబెట్టడం, పాలు కలపడం టైలరమ్మ వంతయ్యాయి. అందుకని జాడీ నింపేసి లోపలికి వెళ్ళేది. చంటిదాని పని అయ్యాక వచ్చి, చేపల్ని చూసి గుడ్డ కట్టేది. ఆ కాసేపూ దుకాణంలో ఆమె మామగారు, పోయిన భర్త తండ్రి, కూర్చునేవారు. ఒకప్పుడు ఆయన గడియారాలు బాగుచేసేవారు. ఇప్పుడు చేతులు వణుకుతాయి. కూర్చోవడానికి చేతులతో పనేముంది అనేవారు.

ఒకరోజు ఇస్త్రీ బండి ఆవిడ జాకెట్టు కొలతలిస్తూ జాడీలోకి తొంగి చూసింది.

"నీ చేపలు భలే ఒళ్ళు చేశాయి వదినా. ఏం పెడుతున్నావేంటి?"

"ఏముంది, చిటికెడు పిండి."

"ఆ పిండేదో నాకూ పెట్టు. మా ఆయన చూపు ఇటు తిరుగుతుందేమో."

"చెయ్యి ఎత్తు ముందు. నడుము కొలత ఇప్పటికే టేపు దాటేలా ఉంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి అంది ఆవిడ: "అది కాదు గానీ, నీళ్ళు కొంచెం తేడాగా లేవూ? నోట్లో మేకు పెట్టుకున్నట్టుంది."

టైలరమ్మ వెంటనే జాడీ చూసింది. చేపలు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి.

"చేపల్ని చూడు. పెళ్ళివారిలా తిరుగుతున్నాయి. నీ నాలుకకే తుప్పు పట్టుంటుంది," అంది. అని, ఆవిడ వెళ్ళాక గ్లాసుడు నీళ్ళు తాగి చూసింది. ఏదో ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. నాలుకను నమ్మాలా, చేపల్ని నమ్మాలా? ఇన్నాళ్ళూ ప్రాణాలు కాపాడింది చేపలే.

ఆ వారంలోనే చంటిది పాలు కక్కడం మొదలుపెట్టింది. మర్నాటికి విరేచనాలు పట్టుకున్నాయి. కోడలు సెలవు పెట్టింది. ఇద్దరూ కలిసి దాన్ని క్లినిక్కుకి తీసుకెళ్ళారు. డాక్టరు పొట్ట నొక్కి చూసి, "నీళ్ళెక్కడివి?" అని అడిగాడు.

"కుళాయివేనండీ. మంచి నీళ్ళే. మా చేపలు బాగున్నాయి," అంది టైలరమ్మ.

డాక్టరుకు అర్థం కాలేదు. "సరే, కాచి చల్లార్చండి. ఈ పొడి కలిపి తాగినంత పట్టండి. ఒంట్లో నీరు తగ్గకూడదు," అన్నాడు.

తాగినంత పట్టింది ఆమె. కాచింది, చల్లార్చింది, గుడ్డలో వడకట్టింది, చెంచా చెంచాగా పట్టింది. పట్టే కొద్దీ చంటిది వాడిపోయింది. ఏడవడానికి నోరు తెరిస్తే గాలి తప్ప గొంతు రావడం లేదు. నడినెత్తి గుంటపడింది. టైలరమ్మ అక్కడ వేలు పెట్టి చూసింది.

"నీళ్ళ వల్ల కాదు కదా అత్తయ్యా?" అంది కోడలు. అప్పటికి ఆ మాట చాలాసార్లు అడిగింది.

"కాదమ్మా. వెళ్ళి చేపల్ని చూడు కావాలంటే."

కోడలు వెళ్ళి చూసొచ్చింది. చేపలు బాగానే ఉన్నాయి.

ఆ సాయంత్రం టైలరమ్మ మెషిను మీద అంచులు కుడుతోంది. పని ఉండి కాదు, చేతులు ఖాళీగా ఉంచలేక. అప్పుడు వినిపించింది. గోడకు అవతల ఎవరో కక్కుతున్నారు. పక్కింటి మనిషి. కాసేపటికి ఎదురింట్లోంచి కూడా అదే చప్పుడు. మెషిను తొక్కుడు పలక మీద ఆమె కాలు నిలిచిపోయింది. ఆ వేసవి మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడినట్టయింది. లేచి జాడీ దగ్గరికి వెళ్ళింది. చేపలు గాజుకు మూతులు ఆనించి ఆమెనే చూశాయి. నిగనిగలాడుతున్నాయి. జీవితంలో మొదటిసారి వాటిని చూస్తే ఆమెకు భయమేసింది.

మర్నాడు పొద్దున జాడీ నింపి లోపలికి వెళ్ళింది. రాత్రంతా నిద్ర లేదు, పాలపొడి డబ్బా మూత ఎక్కడ పెట్టిందో గుర్తు రాలేదు. వెతికి, కోడలికి చెంచా అందించి, గుడ్డ కట్టడానికి తిరిగొచ్చింది. చేపలు చురుగ్గా ఉన్నాయి. ఒక చేప పైకి లేచి దేన్నో గుటుక్కున మింగింది. టైలరమ్మ మొహం జాడీకి ఆనించి చూసింది. నీళ్ళలో సన్నగా, మెలికలు తిరుగుతూ, దోమ పిల్ల. దాని పక్కన ఇంకోటి.

కుళాయిలో దోమ పిల్లలు రావు. ఇసుక మడి దాటి రాలేవు. అవి ఉండేది ఒక్కచోటే, పెరట్లో మూత విరిగిన వానతొట్టిలో.

ఆమె వెనక్కి తిరిగింది. మామగారు బల్ల మీద కూర్చుని ఉన్నారు. పంచె అంచు తడిసి ఉంది. బల్ల కింద మగ్గు.

"మామయ్యా," అంది. "ఈ నీళ్ళు ఎవరు మార్చారు?"

ఆయన దాచలేదు. అసలు దాచాల్సిన పని అనుకున్నట్టే లేదు.

"నేనేనమ్మా. నువ్వు కోప్పడతావని చెప్పలేదు. నువ్వు లోపలికి వెళ్ళాక కాసేపటికి పక్కకి ఒరిగిపోతున్నాయి పాపం. మనుషులకైతే చెప్పుకోడానికి నోరుంది. తొట్టిలో నీళ్ళు పోస్తే లేచి తిరుగుతున్నాయి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"కొన్నాళ్ళుగా... రోజూ కాదు. ఈ మధ్య రోజూ."

టైలరమ్మ ఊచ పట్టుకుని నిలబడింది. "ఒరిగిపోతుంటే నాకు చెప్పాలి కదా మామయ్యా! అవి ఉన్నది అందుకు కదా!"

"చస్తేనే కదమ్మా ఎర్రగుడ్డ? చావకుండా చూస్తే చాలనుకున్నాను." ఆయన కిటికీ ఊచ వైపు చూశారు. "ఆ ఎర్రగుడ్డ చూస్తే మావాడు గుర్తొస్తాడు. ఆగిపోతున్నదాన్ని చూస్తూ కూర్చోవడం నాకు చేతకాదు. ఏ రోజూ చేతకాలేదు."

ఆమె జాడీలో నీళ్ళు వంచేసి, కుళాయి కింద పెట్టి మళ్ళీ నింపింది. ఇద్దరూ చూశారు. మొదట ఏమీ కాలేదు. ఒక్క క్షణం ఆమెకు ప్రాణం లేచొచ్చింది కూడా. తరువాత పెద్ద చేప పైకి వచ్చి నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. చిన్నవి దాని వెనకే పైకి వచ్చాయి. ఒకటి ఒరిగింది. లేవబోయి మళ్ళీ ఒరిగింది. నోరు తెరిచి గొంతు రాని ఆ తీరు ఆమె లోపల చంటిదాని దగ్గర చూసిందే.

అప్పుడు గుర్తొచ్చింది, కోడలి చేతిలో చెంచా.

వంటింట్లోకి ఎలా వెళ్ళిందో తెలియదు. కోడలు చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని చెంచా పెదవుల దగ్గర పెట్టి ఉంది. టైలరమ్మ చెంచాను చేత్తో కొట్టింది. అది గోడకు తగిలి పడింది.

"ఏంటత్తయ్యా!"

"పట్టకు. చుక్క కూడా పట్టకు. నీళ్ళే." ఆమె రొప్పుతోంది. "నీళ్ళే తల్లీ. కాస్తే క్రిములు చస్తాయి. కార్ఖానాలోంచి వచ్చింది కాస్తే ఎక్కడికి పోతుంది? నేనే పట్టాను. చెంచా చెంచాగా నేనే పట్టాను."

కోడలు ఆమె మొహంలోకి చూసింది. చంటిదాన్ని భుజాన వేసుకుని చెప్పులు కూడా లేకుండా క్లినిక్కు వైపు పరిగెత్తింది.

ఎర్రగుడ్డ మెషిను సొరుగులో అడుగున ఉంది. బయటికి తీస్తే మడతల్లో చిమటలు కొట్టి ఉంది. దులిపి, ఊచకు కట్టింది. వీధిలో ఒక బిందె కిందపడిన చప్పుడు, ఆ వెంటనే ఎవరో "ఎర్రది, ఎర్రది" అని అరవడం వినిపించాయి. గట్టున ఇనుప తలుపు గరగరమంటూ దిగింది.

జనం దుకాణం ముందు చేరారు. వెల్డరు ముందుకొచ్చాడు. "ఇప్పుడొచ్చిందా అక్కా, ఇవాళే వచ్చిందా?" అని అడిగాడు. నిన్న తాగిన నీళ్ళ సంగతి అడుగుతున్నాడని అందరికీ తెలుసు.

అవునంటే సరిపోయేది. టైలరమ్మ నోరు తెరిచేలోగా మామగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ఇవాళ కాదు బాబూ. చాలా రోజులైంది. చేపలకు వాననీళ్ళు పోసి నేను బతికించాను. మా అమ్మాయికి తెలీదు," అన్నారు.

ఎవరూ ఆయన మీద చెయ్యి ఎత్తలేదు, గొంతు కూడా ఎత్తలేదు. ఇస్త్రీ ఆవిడ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంటికేసి పరిగెత్తింది. ముందు రోజు నుంచీ మంచం పట్టిన భర్తకు ఆవిడ ఆ నీళ్ళే పడుతోంది. మిగతావాళ్ళు ఎవరింటికి వాళ్ళు మళ్ళారు, లోపల ఉన్నవాళ్ళు నిన్న ఎన్ని గ్లాసులు తాగారో గుర్తు చేసుకుంటూ.

చంటిదానికి సెలైను ఎక్కించారు. సూది దిగడానికి నరం దొరక్క పాదంలో పొడిచారు. రెండో సీసా సగమయ్యాక అది గొంతెత్తి ఏడ్చింది. పక్కింటి మనిషి, ఎదురింటివాళ్ళు, ఇస్త్రీ ఆవిడ భర్త లేచి తిరగడానికి చాలా రోజులు పట్టింది. సంఘం వాళ్ళు కార్ఖానా గేటు ముందు బిందెలతో కూర్చున్నారు. కాలువ నీళ్ళు పరీక్షకు వెళ్ళాయి. ట్యాంకు కడిగారు, ఇసుక మార్చారు. చేప చావనక్కర్లేదు, ఒరిగినా ఎర్రగుడ్డే అని పద్ధతి మార్చారు. వానతొట్టికి వెల్డరు కొత్త మూత చేసి తెచ్చాడు. తాళం పెట్టనా అని అడిగి, మామగారి మొహం చూసి ఊరుకున్నాడు.

మళ్ళీ నీలం గుడ్డ కట్టే రోజు వచ్చింది. టైలరమ్మ జాడీ నింపి కిటికీ దగ్గరికి వచ్చేసరికి మామగారు బల్ల మీద గ్లాసుతో కూర్చుని ఉన్నారు. గ్లాసు సగం ఖాళీగా ఉంది.

"ఏంటిది మామయ్యా?"

"కుళాయి నీళ్ళే."

"ఇంకా చేపల్ని చూడలేదు! మీరెందుకు తాగారు?"

"వాటికి నోరు లేదు కదమ్మా. నాకుంది. తేడాగా ఉంటే చెబుతాను."

"మీరు చేప కాదు మామయ్యా!"

ఆమె గ్లాసు లాక్కుంది. మర్నాడు గ్లాసులన్నీ లోపల దాచింది. ఆయన దోసిలి పట్టి తాగారు. కోప్పడింది, ఏడ్చింది, కోడలి చేత చెప్పించింది. ఆయన తల ఊపుతారు, తెల్లారగానే కుళాయి దగ్గర ఉంటారు.

ఇప్పుడు టైలరమ్మ పొద్దున్నే కిటికీ దగ్గరికి వచ్చి ముందు జాడీలోకి చూడదు. బల్ల మీది ముసలాయన వైపు చూస్తుంది. ఆయన పెదవులు, గోళ్ళు, కళ్ళ కింద చర్మం. "బాగానే ఉంది, కట్టెయ్," అంటారాయన. ఆమె ఇంకాసేపు చూస్తుంది. బయట బిందెలు వరుసలో నిలబడి ఉంటాయి. ఎవరూ తొందరపెట్టరు. నీలం గుడ్డ ఆమె చేతిలోనే ఉంటుంది.